ఒకే నంబరుతో రెండు డ్రాయింగులు: ఒక ఆసుపత్రి కట్టడంలో రివిజన్ లెక్క తప్పిన కేసు

నేపథ్యం

హైదరాబాద్‌లోని ఒక ఆర్కిటెక్చర్ ఆఫీసులో రెవిట్ (భవనాన్ని త్రీడీ మోడల్‌గా కట్టి, దాని నుంచి డ్రాయింగులు తీసే సాఫ్ట్‌వేర్) మోడళ్ల బాధ్యత నాది. మోడల్ ఎలా కట్టాలి, షీట్లు ఏ రూపంలో బయటికి వెళ్లాలి, ఏ ఫైలును ఎవరు ముట్టుకోవచ్చు అన్నవి నేను చూసుకుంటాను. ఇక్కడ రాస్తున్నది కోస్తాలోని ఒక పట్టణంలో మేము డిజైన్ చేసిన ఆసుపత్రి భవనం సంగతి. ఊరు, అంతస్తులు, షీట్ నంబర్లు మార్చాను. తప్పు ఏ వరుసలో జరిగిందో, మేము ఏ వరుసలో ఆలోచించామో మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను.

జీఎఫ్‌సీ సెట్, అంటే కట్టడానికి పనికొస్తాయని సైటుకు పంపే డ్రాయింగులు, మొత్తం 84 షీట్లు. మా ఆఫీసులో నలుగురం మోడల్ మీద పనిచేసేవాళ్లం. స్ట్రక్చరల్ డిజైన్ ఒకరిది, ప్లంబింగు, మెడికల్ గ్యాస్ లైన్లు మరొకరివి. క్లయింటు తరఫున పనిని పర్యవేక్షించే పీఎంసీ బృందం ఒకటి. సైటులో కాంట్రాక్టరు ఇంజనీర్లు, డ్రాయింగులు అందుకుని రిజిస్టరులో రాసుకునే ఒక గుమాస్తా.

నంబర్ల పద్ధతి మన దగ్గర చాలా ఆఫీసుల్లో ఉన్నదే. మొదటి జీఎఫ్‌సీ ప్రతి ఆర్0 (ఆర్ అంటే రివిజన్, సవరణ). ఆ షీటులో మార్పు వస్తే ఆర్1, మళ్లీ మారితే ఆర్2. ఏ షీటు లెక్క ఆ షీటుదే. ఒకటి ఆర్5 దాకా పోవచ్చు, పక్క షీటు ఆర్0 దగ్గరే ఉండిపోవచ్చు.

డ్రాయింగులను గీతలుగా గీసే ఆటోక్యాడ్ నుంచి వచ్చినవాళ్ల కోసం రెవిట్ ఈ పనిని ఎలా చేస్తుందో కొంచెం చెప్పాలి. ఈ కేసు మొత్తం అక్కడే తిరుగుతుంది. ఆటోక్యాడ్‌లో రివిజన్ నంబరు టైటిల్ బ్లాకులో, అంటే షీటు మీద పేరు, నంబరు, తేదీ ఉండే పెట్టెలో, మనం చేత్తో కొట్టే అక్షరం. తప్పు కొడితే తప్పే ఉంటుంది, కానీ ఒకసారి సరిగ్గా కొడితే దానంతట అది మారదు. రెవిట్‌లో అలా కాదు. ‘షీట్ ఇష్యూస్/రివిజన్స్’ అనే విండోలో ప్రాజెక్టు అంతటికీ కలిపి ఒక జాబితా ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో రివిజన్: తేదీ, వివరణ, ఎవరికి పంపాం, ఎవరు పంపారు, పంపేసినట్టు గుర్తుగా ‘ఇష్యూడ్’ అనే టిక్కు. మార్పు చేసిన చోటు చుట్టూ మేఘం ఆకారంలో ఒక గీత, అంటే రివిజన్ క్లౌడ్, గీసి, దాన్ని ఆ జాబితాలోని ఒక వరుసకు ముడిపెడతాం. అప్పుడు ఆ క్లౌడ్ ఉన్న షీటులోని రివిజన్ పట్టిక దానంతట అదే నిండుతుంది. నంబరు ‘పర్ ప్రాజెక్ట్’ అని పెడితే జాబితాలోని వరుసను బట్టి వస్తుంది. ‘పర్ షీట్’ అని పెడితే ఆ షీటు మీద ఎన్ని రివిజన్లు ఉన్నాయో లెక్కపెట్టి ఇస్తుంది. మేము పర్ షీట్ పెట్టి, లెక్క 0 నుంచి మొదలయ్యేలా అమర్చుకున్నాం.

లెక్కపెట్టి ఇస్తుంది అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగమని పాఠకులను అడుగుతున్నాను. నేను అప్పట్లో ఆగలేదు.

బయటపడిన సమస్య

మూడో అంతస్తు స్లాబ్ వేసి, సెంట్రింగ్ విప్పిన తర్వాత ప్లంబింగు మనుషులు పైపులు దింపడానికి వచ్చారు. కింది అంతస్తు షాఫ్టుకూ (పైపులు నిలువుగా వెళ్లే దారి) పై స్లాబులో వదిలిన కటౌటుకూ (పైపుల కోసం వదిలే ఖాళీ) పొంతన లేదు. 600 మిల్లీమీటర్లు పక్కకు ఉంది. సైట్ ఇంజనీరు ఫోన్ చేశారు. ఆ కటౌట్ చూపించే మా షీటు నంబరు ఏ-112.

“మేడమ్, ఏ-112 ప్రకారమే వదిలాం. మా దగ్గర ఆర్2 ఉంది.”

“ఆర్2లో షాఫ్ట్ తూర్పుకు జరిపాం కదండీ. మీరు పాతది చూసినట్టున్నారు.”

“పాతది కాదు మేడమ్, ఆర్2నే నా చేతిలో ఉంది.”

పది నిమిషాలు ఇద్దరం ఇదే మాట అటూ ఇటూ చెప్పుకున్నాం. ఇద్దరం నిజమే చెబుతున్నాం. చివరికి టైటిల్ బ్లాక్ ఫోటో తీసి పంపమన్నాను. ఆయన పంపిన దానిలోనూ ఆర్2, నా తెర మీదా ఆర్2. తేదీలు మాత్రం వేరు, మధ్యలో ఐదు వారాల తేడా.

ఐదు వారాల తర్వాత వెళ్లిన ఆ రెండో ఆర్2 సైటుకు చేరింది కూడా. గుమాస్తా రిజిస్టరు తీసి చూశాడు. ఏ-112 ఆర్2 అందినట్టు అప్పటికే రాసి ఉంది. అదనపు ప్రతులు పంపారనుకుని బీరువాలో పెట్టాడు. ఆ రిజిస్టరులో షీట్ నంబరు, రివిజన్ నంబరు, ప్రతుల సంఖ్య అని మూడు గడులు ఉన్నాయి, తేదీ గడి లేదు. అతను చేసిన దానిలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. ఒక నంబరు ఒకే కాగితాన్ని సూచిస్తుందని నమ్మాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టాల్సింది మేము.

ఇంకో ప్రశ్న రావచ్చు: స్లాబులో కటౌట్ ఎక్కడుందో స్ట్రక్చరల్ డ్రాయింగు చెప్పదా అని. చిన్న కటౌట్ల స్థానానికి ఆర్కిటెక్చరల్ డ్రాయింగు చూసుకోమని ఆ షీటులో నోట్ ఉంది. చాలా ప్రాజెక్టుల్లో ఉండే నోటే. అంటే ఆ కటౌటుకు ఆధారం మా ఏ-112 ఒక్కటే.

కారణం వెతికిన తీరు

మొదట అనుమానం మనిషి మీదికే పోయింది. ఎవరో పాత ఫైలు తెరిచి ప్రింటు ఇచ్చి ఉంటారనుకున్నాం. మేము పంపే ప్రతి పీడీఎఫ్‌నూ తేదీ పేరుతో ఉన్న ఫోల్డరులో దాచే అలవాటు మాకు ఉండటం అదృష్టం. ఏ-112 పీడీఎఫ్‌లన్నీ తెరిచి రివిజన్ పట్టికలను పక్కపక్కన పెట్టాను.

మొదటిదానిలో ఆర్0 ఒక్కటే. రెండోదానిలో ఆర్1, తలుపుల వెడల్పు మార్పు. మూడోదానిలో ఆర్2, నర్సుల కౌంటర్ మార్పు. సైటులో ఉన్నది ఇదే. నాలుగోదానిలో ఆర్0 తర్వాత ఆర్1గా నర్సుల కౌంటర్, ఆర్2గా షాఫ్ట్. తలుపుల వరుస మాయమైంది. దాని కిందివన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి.

తలుపుల మార్పు ప్లానులో అలాగే ఉంది, దాన్ని గుర్తించే క్లౌడ్ లేదు. మా బృందంలో కొత్తగా చేరిన అబ్బాయిని అడిగాను. “పాత క్లౌడ్‌లు కనిపించకూడదన్నారు కదా మేడమ్, చెరిపేశాను” అన్నాడు. ఆ మాట చెప్పింది నేనే. కొత్త ప్రతిలో తాజా మార్పు క్లౌడ్ మాత్రమే కనిపించాలి, పాతవి ఉంటే సైటులో గందరగోళం అవుతుందని చెప్పాను. ఎలా దాచాలో చెప్పలేదు. రివిజన్ల జాబితాలో ప్రతి వరుసకూ ‘షో’ అనే గడి ఉంటుంది. అక్కడ ‘నన్’ అని ఎంచుకుంటే ఆ రివిజన్ క్లౌడ్‌లూ ట్యాగులూ ఎక్కడా కనిపించవు, కానీ మోడల్‌లో ఉంటాయి. పట్టికలో వరుస చెక్కుచెదరదు. చెరిపితే మాత్రం ఆ షీటుకు ఆ రివిజన్‌తో ఉన్న బంధమే తెగిపోతుంది. పర్ షీట్ లెక్క కాబట్టి తర్వాతి నంబర్లన్నీ తగ్గుతాయి. సాఫ్ట్‌వేర్ తన నియమం ప్రకారం సరిగ్గానే లెక్కపెట్టింది.

అయితే ఒక సంగతి నన్ను పట్టుకుంది. 84 షీట్లలో ఆర్0 ఒక్క చోట కూడా జారలేదు. ఎందుకు? మొదటి ప్రతిలో మార్పు అంటూ ఉండదు, కాబట్టి క్లౌడ్ కూడా ఉండదు. దాన్ని పట్టికలోకి తెచ్చేందుకు ప్రతి షీటు ప్రాపర్టీల్లో ఉండే ‘రివిజన్స్ ఆన్ షీట్’ తెరిచి చేత్తో టిక్ పెట్టాం. ఆ టిక్కు క్లౌడ్ మీద ఆధారపడదు. మనిషి వెళ్లి తీస్తే తప్ప పోదు. క్లౌడ్ ద్వారా వచ్చిన వరుసలన్నీ జారే స్వభావం ఉన్నవి, టిక్కు ద్వారా వచ్చినవి నిలిచేవి. తర్వాత మేము చేసిన ప్రతి పనికీ ఈ తేడాయే ఆధారమైంది.

ఏ-112 ఒక్కటే అయితే సరిపోయేది. మొత్తం 84 షీట్ల పట్టికలనూ పంపిన పీడీఎఫ్‌లతో పోల్చాం. 11 షీట్లలో తేడా వచ్చింది. కొన్నింటిలో ఇదే కారణం. ఇంకొన్నింటిలో ఎవరూ ఏ క్లౌడూ చెరపలేదు. ఎలివేషన్లు మళ్లీ తయారు చేసినప్పుడు పాత వ్యూను (షీటు మీద పెట్టే ఒక్కో బొమ్మ: ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ లాంటివి) షీటు నుంచి తీసేసి కొత్త వ్యూ పెట్టారు. క్లౌడ్‌లు వ్యూ లోపల గీసినవి కాబట్టి పాత వ్యూతో పాటే అవీ వెళ్లిపోయాయి. రెండు షీట్లలో దీనికి తలకిందులు. వేరే షీటు మీద ఉన్న సెక్షన్ వ్యూను చోటు చాలక ఇక్కడికి మార్చారు. దానిలోని పాత క్లౌడ్‌లు కూడా వెంట వచ్చాయి. ఆ షీటుకు ఎన్నడూ జరగని మార్పులు దాని చరిత్రలో చేరాయి, నంబరు పెరిగింది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ప్రాజెక్టు మొదలైన నాటి నుంచి మేము ‘ఇష్యూడ్’ టిక్కు ఒక్కసారి కూడా పెట్టలేదు. పెడితే ఆ వరుసలో తేదీ, వివరణ మార్చడానికి వీలుండదు. ఆ రివిజన్‌కు కొత్త క్లౌడ్‌లు చేర్చలేం, ఉన్నవాటి గీతలు దిద్దలేం. చివరి నిమిషంలో ఏదైనా దిద్దాల్సి వస్తుందేమో అని తెరిచి ఉంచాం. ఆ అలవాటు వల్ల ఏ వరుస సైటుకు వెళ్లిందో, ఏది ఇంకా మా దగ్గరే ఉందో మోడల్‌కు తెలియకుండా పోయింది.

మొదట చేసిన ప్రయత్నాలు

స్లాబ్ సంగతి స్ట్రక్చరల్ ఇంజనీరు చేతిలోకి వెళ్లింది. పాత కటౌట్ మూయడానికీ కొత్తది కోయడానికీ ఆయన వివరం ఇచ్చారు, ఆ ఖర్చులో మా ఆఫీసూ భాగం పంచుకుంది. మా పని నంబర్లది. తేడా ఉన్న 11 షీట్లలో చూపిన భాగాల పని ఆపమని అదే రోజు రాతపూర్వకంగా చెప్పాం.

మొదటి ఆలోచన భయంలోంచి వచ్చింది: సాఫ్ట్‌వేర్ లెక్కను నమ్మొద్దు, ఆటోక్యాడ్‌లో చేసినట్టు నంబరు చేత్తో రాద్దాం. టైటిల్ బ్లాక్ మూలన ‘కరెంట్ రివిజన్’ చూపించే గడిని తీసి, మేమే నింపే గడి పెట్టాం. అప్పటికి ఇది గట్టి పరిష్కారంలాగే కనిపించింది. చేత్తో రాసింది ఎవరూ లెక్కపెట్టి మార్చలేరు కదా.

రెండు వారాలు కూడా నిలవలేదు. మూలన మేము ఆర్3 అని రాశాం. అదే టైటిల్ బ్లాకులోని రివిజన్ పట్టిక ఇంకా సాఫ్ట్‌వేర్ లెక్క మీదే నడుస్తోంది, దాని చివరి వరుస ఆర్2 అంటోంది. క్లౌడ్ పక్కన ఉండే త్రిభుజం ట్యాగులోనూ 2. ఒకే కాగితం మీద ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. పీఎంసీ బృందం కట్ట మొత్తం తిప్పి పంపింది, అది న్యాయమే. పట్టికను కూడా చేతిరాతకు మారుద్దామని ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. 84 షీట్లు, ఒక్కోదానిలో నాలుగైదు వరుసలు, నలుగురు మనుషులు. ఒక మూలన చేతిరాతను నమ్ముకుంటేనే ఇంత దూరం వచ్చింది, దాన్ని కాగితమంతా పరిస్తే తప్పులు దొరికే దారి కూడా మూసుకుపోతుంది.

రెండో ఆలోచన పర్ ప్రాజెక్ట్. ఇది తెలివైన ఆలోచనే అని ఇప్పటికీ అంటాను. జాబితాలో ఏడో వరుసకు వచ్చిన నంబరు ఏ షీటు మీదైనా అదే. క్లౌడ్ చెరిపితే ఆ వరుస పట్టిక నుంచి పోతుంది గానీ మిగతా నంబర్లు కదలవు. కొత్త ప్రాజెక్టును మొదటి రోజు నుంచి ఈ పద్ధతిలో నడిపితే చాలా ఇబ్బందులు రావు. కానీ మేము సగం దారిలో ఉన్నాం. ఈ అమరిక మార్చగానే అంతవరకు వెళ్లిన ప్రతి షీటు పాత నంబర్లూ ఒక్కసారిగా మారిపోతాయి.

అందుకే అసలు ఫైలు ముట్టుకోకుండా, ఒక విడి కాపీలో మార్చి చూశాం. రెండు షీట్లు ప్రింటు తీసుకుని నేనే సైటుకు వెళ్లాను. ఒకదాని పట్టికలో ఆర్0, ఆర్1, ఆ వెంటనే ఆర్7. సైట్ ఇంజనీరు వేలు పెట్టి చూపించారు. “మధ్యలో ఐదు ఏవి మేడమ్? మాకు రాలేదు.” వేరే షీట్ల మీద ఉన్నాయని చెప్పాను. ఆయనకు అర్థమైంది. కానీ ఆయన అడిగిన రెండో మాట నన్ను ఆపింది: “నాకు మీరు చెప్పారు. రేపు నా చోట ఇంకొకరు వస్తే?” మధ్యలో నంబర్లు లేని షీటును చూసిన ప్రతి కొత్త మనిషీ ఏదో అందలేదనే అనుకుంటాడు. అందలేదని కాంట్రాక్టరు ఉత్తరం రాస్తే జవాబు చెప్పాల్సింది మేమే. రెండో పద్ధతిని కాపీలోనే వదిలేశాం. ఒక రోజు ప్రయాణం, రెండు ప్రింట్ల ఖర్చుతో తేలింది.

నిలబడిన పద్ధతి

మళ్లీ పర్ షీట్‌కే వచ్చాం. ఈసారి ప్రశ్న మార్చుకున్నాం. నంబరు సాఫ్ట్‌వేర్ లెక్కే, అది మారదు. మరి ఆ లెక్కకు ఆధారమైనవి కదలకుండా ఎలా కట్టేయాలి?

ముందు పాత నంబర్లను సరిచేయాలి. దాచిన పీడీఎఫ్‌లు ముందు పెట్టుకుని, 11 షీట్లలోనూ పోయిన వరుసలను ‘రివిజన్స్ ఆన్ షీట్’లో టిక్ పెట్టి వెనక్కి తెచ్చాం. ఏ-112 విషయంలో బల్ల చుట్టూ చాలాసేపు చర్చ జరిగింది. వరుసలు సరిచేశాక షాఫ్ట్ మార్పు ఆర్3 అవుతుంది. సైటులో మాత్రం అది ఆర్2 పేరుతో ఒక ప్రతి ఉంది. బయటికి వెళ్లిన కాగితాన్ని వెళ్లలేదని అనలేం. ఆర్3 అనే నంబరు ఆ షీటు మీద ఎన్నడూ బయటికి వెళ్లలేదు, కాబట్టి దాన్ని వాడటం క్షేమం. షాఫ్ట్ మార్పుతో ఆర్3 పంపి, ఆర్2 పేరుతో వెళ్లిన రెండు ప్రతులూ రద్దని ట్రాన్స్‌మిటల్‌లో, అంటే డ్రాయింగులతో పాటు పంపే జాబితా పత్రంలో, రెండు తేదీలతో సహా రాశాం.

వేరే వ్యూ వచ్చి చేరడం వల్ల నంబరు పెరిగిన ఆ రెండు షీట్ల దగ్గర ఇదే తర్కం ఎదురు తిరిగింది. వాటి సరైన లెక్క ఆర్2, కానీ సైటుకు అప్పటికే ఆర్4 వెళ్లింది. సరైనది కదా అని ఆర్3 పంపితే సైటు దాన్ని పాత కాగితం కింద లెక్కగట్టి పక్కన పెడుతుంది. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం: ఏ షీటు నంబరూ ఎన్నడూ వెనక్కి రాకూడదు, బయటికి వెళ్లిన అతి పెద్ద నంబరు కంటే కొత్తది పెద్దదే కావాలి. జాబితాలో ‘నంబరు సవరణ’ అని వివరణ రాసిన వరుసలు చేర్చి, ఆ రెండు షీట్లకు టిక్ పెట్టి, తర్వాతి ప్రతిని ఆర్5గా పంపాం. చరిత్ర అందంగా లేదు. సైటులో ఉన్న మనిషికి మాత్రం ఏది తాజాదో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇక రోజువారీ పద్ధతి. షీటు పంపే రోజున, క్లౌడ్ ఉన్నా లేకపోయినా, ఆ రివిజన్‌ను ‘రివిజన్స్ ఆన్ షీట్’లోకి చేత్తో చేర్చాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్లౌడ్ ద్వారా అప్పటికే వచ్చిన రివిజన్ ఆ విండోలో టిక్కుతోనే కనిపిస్తుంది, దాన్ని మార్చనివ్వదు. ఆ టిక్కు చూసి భద్రంగా ఉందనుకుంటే మళ్లీ అదే గోతిలో పడతాం. అది క్లౌడ్ పెట్టిన టిక్కు, క్లౌడ్‌తోనే పోతుంది. అందుకని ముందు చేత్తో టిక్ పెట్టి, ఆ తర్వాతే క్లౌడ్ గీయాలని వరుస మార్చాం. షీట్లు ఎక్కువగా ఉన్న రోజున పైరెవిట్ అనే రెవిట్ అదనపు పరికరం సాయంతో ఎంచుకున్న షీట్లన్నింటికీ ఒకేసారి చేరుస్తాం.

పీడీఎఫ్‌లు వెళ్లి, సైటు నుంచి అందినట్టు జవాబు వచ్చాక ‘ఇష్యూడ్’ టిక్కు. జవాబు రాకముందే ఎందుకు పెట్టకూడదని బృందంలో అడిగారు. ఒకసారి పెట్టి మళ్లీ తీసే అలవాటు మొదలైతే దానికి విలువ ఉండదు. అందుకే తీయాల్సిన అవసరం రాని సమయం దాకా ఆగుతాం. జాబితాలో కొత్త వరుస చేర్చడం, టిక్కు పెట్టడం ఒకే మనిషి పని. ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు చేయాలో కూడా రాసి పెట్టాం. అంతకుముందు ఒకే రోజు ఇద్దరు చెరొక వరుస చేర్చి, తర్వాత వాటిని కలపాల్సి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

క్లౌడ్ ఎక్కడ గీయాలన్నదే అన్నింటికంటే పెద్ద వాదన. వ్యూలో గీయాలా, షీటు మీద గీయాలా? ముందు చెప్పిన అబ్బాయే వ్యూ పక్షాన మాట్లాడాడు, మంచి కారణాలు చెప్పాడు. వ్యూలో ఉంటే మోడల్ మీద పని చేస్తున్నప్పుడే ఎక్కడ మార్చామో కనిపిస్తుంది. వ్యూను షీటు మీద కొంచెం జరిపినా క్లౌడ్ మార్పుతో పాటే జరుగుతుంది. షీటు మీద గీస్తే వ్యూ జరిగినప్పుడు క్లౌడ్ ఖాళీ చోట మిగిలిపోతుంది. ఇవన్నీ నిజాలే. అయినా షీటు వైపే నిర్ణయించాను. క్లౌడ్ తప్పు చోట ఉంటే చూడగానే కంటికి తెలుస్తుంది, ప్రింటుకు ముందు సరిచేస్తాం. క్లౌడ్ వ్యూతో పాటు వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. కనిపించే తప్పునూ కనిపించని తప్పునూ పక్కపక్కన పెట్టినప్పుడు కనిపించేదాన్నే ఎంచుకున్నాను.

దీనిలో ఒక జాగ్రత్త ఉంది. షీటు మీద ఉన్నాం అనుకుంటూనే, వ్యూను డబుల్ క్లిక్ చేసి యాక్టివేట్ చేసిన స్థితిలో క్లౌడ్ గీస్తే అది వ్యూలోకే పోతుంది. తెర మీద తేడా పెద్దగా కనిపించదు. గీసేముందు వ్యూ నుంచి బయటికి వచ్చామో లేదో చూసుకోవడం కొన్ని వారాల పాటు ప్రతి ఒక్కరికీ గుర్తుచేయాల్సి వచ్చింది.

ఇన్ని నియమాలున్నా మనుషులం మరిచిపోతాం. అందుకే చివరి తనిఖీ మనిషి జ్ఞాపకం మీద పెట్టలేదు. రెవిట్‌లో పనులను దానంతట అదే చేయించే డైనమోలో రాసిన ఒక స్క్రిప్టు ప్రతి షీటు మీద ఉన్న అన్ని రివిజన్లనూ, ఒక్కోదానికి ఆ షీటులో వచ్చిన నంబరునూ, తేదీనీ చదివి ఎక్సెల్‌లో రాస్తుంది. పోయినసారి పంపినప్పటి ఎక్సెల్‌తో దాన్ని పోలుస్తాం. కొత్త వరుసలు రావచ్చు. పాత వరుస ఒక్కటి మారినా, పోయినా ఆ రోజు ఏ షీటూ బయటికి వెళ్లదు. మామూలు షీట్ లిస్టు ఎందుకు చాలదంటే, అది ప్రతి షీటుకు తాజా రివిజన్ ఒక్కటే చూపుతుంది. మా తప్పు తాజా వరుసలో జరగలేదు, మధ్య వరుసలో జరిగింది.

ఈ పోలిక మొదలుపెట్టిన రెండో నెలలో ఒకసారి ఎరుపు పడింది, అంటే పాత వరుసలో తేడా దొరికింది. టాయిలెట్ వివరాల షీటులో ఆర్1 మాయం. అది వ్యూలో గీసిన పాత క్లౌడ్, ఈ నియమాలకు ముందు నాటిది, దానికి టిక్కు పెట్టడం మేమే మరిచిపోయాం. కొత్త వ్యూ పెట్టినప్పుడు పోయింది. ప్రింటు ఇవ్వడానికి అరగంట ముందు దొరికింది. ఆ షీటులో స్లాబ్ ఎంత దించాలో ఉంది.

సైటు వైపు చేసింది చిన్న పని. రిజిస్టరులో తేదీ గడి చేర్పించాం. ట్రాన్స్‌మిటల్‌లో ప్రతి షీటు ఎదురుగా, ఇది వచ్చాక ఏ నంబరు, ఏ తేదీ ప్రతి రద్దవుతుందో రాస్తున్నాం. గుమాస్తా ఆ పాత ప్రతి మీద రద్దు ముద్ర వేసి ఫోటో పంపితేనే అందినట్టు లెక్క.

వివరణ గడి సంగతి

ఇది ఇంకా పూర్తిగా తేలలేదు కాబట్టి చెప్పాలి. మా పాత జాబితా తెరిస్తే వివరణ గడిలో ‘క్లయింటు సూచనల మేరకు సవరణ’ అని తొమ్మిది వరుసల్లో ఉంది. అది చదివిన మనిషికి ఏమీ తెలియదు. ‘షాఫ్ట్-2 తూర్పుకు 600 మి.మీ. జరిగింది’ అని ఉండి ఉంటే, రెండో ఆర్2 చేతికి వచ్చినప్పుడు గుమాస్తా అయినా ఒక్కసారి ఆగి చూసేవాడేమో.

కానీ రెవిట్‌లో ఒక రివిజన్ వరుసకు వివరణ ఒక్కటే. ఆ వరుస పది షీట్ల మీద ఉంటే పదింటిలోనూ అదే వాక్యం వస్తుంది. షాఫ్ట్ మార్పుతో సంబంధం లేని తలుపుల షీటులో కూడా షాఫ్ట్ పేరు కనిపిస్తుంది. మార్పుకు ఒక వరుస చొప్పున చేర్చుకుంటూ పోతే జాబితా చేయి దాటిపోతుంది, పైగా ఒకే రోజు వెళ్లిన షీటు నంబరు రెండు మెట్లు ఎక్కుతుంది. మేము మధ్య దారి పట్టాం. వరుస వివరణలో ఏ కారణం వల్ల మార్పు వచ్చిందో రాస్తాం, ఉదాహరణకు ‘మెడికల్ గ్యాస్ పైపుల సమన్వయం’. ఆ షీటులో ఖచ్చితంగా ఏం మారిందో క్లౌడ్ ప్రాపర్టీల్లోని ‘కామెంట్స్’లో రాసి, అదే వాక్యాన్ని స్క్రిప్టు ద్వారా ట్రాన్స్‌మిటల్‌లోకి తెస్తాం. షీటు మీదే కనిపిస్తే ఇంకా మంచిది. దానికి సరైన చోటు ఇంకా వెతుకుతున్నాం.

ఇంకొకటి, సైటులో చాలామంది ఇప్పుడు పెద్ద ప్రింటు తెరవరు. కావలసిన మూల ఫోటో తీసి వాట్సాప్‌లో మేస్త్రీకి పంపుతారు. ఆ ఫోటోలో టైటిల్ బ్లాక్ ఉండదు, నంబరు ఉండదు, తేదీ ఉండదు. ఆ అలవాటు మాన్పించాలని ప్రయత్నించి మానుకున్నాను. స్లాబ్ మీద ఎండలో నిలబడ్డ మనిషి మీటరు పొడవు కాగితం పట్టుకుని పని చేయలేడు. దాని బదులు తాజా క్లౌడ్ ప్రతిదానికీ త్రిభుజం ట్యాగు తప్పనిసరి చేశాం, కొలత రాసిన అంకెలకు వీలైనంత దగ్గరగా. కొలత ఫోటోలో పడితే నంబరూ పడాలి. పోయిన నెల అదే సైటు నుంచి ఒక సందేహం వచ్చింది. ఫోటోలో ఒక లింటెల్, దాని ఎత్తు, పక్కన సగం తెగిన త్రిభుజంలో 3 అంకె. నా దగ్గర ఆ షీటు ఆర్4లో ఉంది. కొలత సంగతి చూడకుండానే ఫోన్ చేసి, బీరువాలో ఆర్4 ఉందేమో చూడమన్నాను.